వెండితెర వెనక: ఏ దేశానిదీ కాని విమానం!

చౌడేపల్లె నుంచి ఒక తమ్ముడు ఉత్తరం రాశాడు. 'టాప్ గన్' చూశాడట. "అన్నా, అందులో వచ్చే నల్ల మిగ్-28 ఏ దేశానిది? రష్యాదని నేను, చైనాదని మా వాళ్లు. పందెం కాసినాము. నువ్వు చెప్పిందే తీర్పు" అంటాడు.

తీర్పు చెప్పేస్తున్నా. ఇద్దరూ ఓడారు! అసలు మిగ్-28 అనే విమానమే లేదు. మిగ్ కంపెనీ తన ఫైటర్లకు బేసి నంబర్లే పెట్టింది. 15, 17, 19, 21, 23, 25, 29... వరస చూడండి. మన వైమానిక దళంలో 1963 నుంచి 2025 దాకా ఎగిరిన మిగ్-21 కూడా ఆ వరసలోదే. మరి తెర మీద కనిపించింది ఏమిటంటారా? అమెరికా వాళ్ల ఎఫ్-5కు నల్లరంగు పూసి, కొత్త పేరు తగిలించారు. మేకప్ మనుషులకేనా? విమానాలకూ ఉంటుంది!

1986లో టోనీ స్కాట్ ఆ సినిమా తీసేనాటికి అమెరికా, రష్యాల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తోంది. నిజం మిగ్ అద్దెకివ్వమంటే ఎవరిస్తారు? అందుకే సొంత విమానానికే శత్రువు వేషం వేశారు. దేశం పేరు మాత్రం చెప్పలేదు. హిందూ మహాసముద్రం మీద కొట్లాట అన్నారు, అంతే. శత్రు పైలట్ల మొహాలు కూడా నల్లటి అద్దాల వెనక దాచేశారు.

మన జానపదాల్లో ఊహారాజ్యాలు లేవా అని మీరు అడగొచ్చు. బోలెడున్నాయి. కానీ మన విలన్‌కి మొహం ఉండేది. 1951 నాటి 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి. రంగారావుగారిని ఎవరు మరిచిపోతారు? హీరోతో సమానంగా ఆయన్నీ గుర్తు పెట్టుకున్నాం. ఈ విమానాల సినిమాల్లో మాత్రం శత్రువుకి పేరు లేదు, మొహం లేదు. పేలిపోవడం ఒక్కటే ఆయన వేషం!

ఇంతకంటే తమాషా కథ ఇంకొకటుంది. 1982లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తానే దర్శకుడై, తానే హీరోగా 'ఫైర్ ఫాక్స్' తీశాడు. అందులో రష్యావాళ్ల దగ్గర మిగ్-31 అనే భూతం ఉంటుంది. రాడార్‌కి చిక్కదు. పైలట్ మనసులో అనుకుంటే చాలు, క్షిపణి బయల్దేరుతుంది! హీరో రష్యా వెళ్లి దాన్ని దొంగిలించుకొస్తాడు. క్రెయిగ్ థామస్ 1977లో రాసిన నవల దీనికి ఆధారం.

ఆ నవల కంటే ముందే నిజంగా ఒక విమానం దేశం దాటింది. 1976 సెప్టెంబర్ 6న విక్టర్ బెలెంకో అనే సోవియట్ పైలట్ తన మిగ్-25ను తీసుకుని జపాన్‌లోని హకొదాతె విమానాశ్రయంలో దిగాడు. అంతవరకూ మిగ్-25 పేరు చెబితే పాశ్చాత్య దేశాలకు నిద్ర పట్టేది కాదు. ధ్వని కంటే మూడు రెట్ల వేగమట, గాల్లో పల్టీలు కొట్టడంలోనూ దానికి సాటి లేదట... ఇలా 'అట'ల మీద భయం పెరిగింది. అమెరికా ఎఫ్-15ను అంత ఖర్చు పెట్టి తయారు చేయడానికి ఆ భయం కూడా ఒక కారణం.

తీరా విప్పి చూస్తే? శరీరంలో ఎక్కువ భాగం ఉక్కు. రాడార్‌లో మన పాత రేడియోల్లో ఉండే లాంటి వాల్వులు! తిన్నగా, ఎత్తుగా, వేగంగా పోవడానికి పుట్టిన విమానం అది. కుస్తీకి పుట్టింది కాదు. మరీ వేగంగా తోలితే ఇంజన్లే పాడవుతాయి. చూడాల్సింది చూశాక, విడి భాగాలను పెట్టెల్లో సర్ది సోవియట్ వాళ్లకు తిరిగి పంపేశారు.

అలాగని అది పనికిమాలినదనుకోకండి. దాని పని వేరు. ఇంటర్‌సెప్టర్ అంటే పొలిమేర కాపలాదారు. మన ఊళ్లలో గంగమ్మతల్లి చెడును పొలిమేరలోనే ఆపుతుందంటారే, అలాగన్నమాట! శత్రువు బాంబర్ ఊరి మీదికి రాకముందే దూరంగా ఎదురెళ్లి ఆపాలి. సైబీరియా అంత పొలిమేర ఉన్న దేశానికి అలాంటిది తప్పనిసరి. మనమూ 1981లో మిగ్-25లు తెచ్చుకున్నాం. యుద్ధానికి కాదు, చాలా ఎత్తు నుంచి ఫొటోలు తీయడానికి. బరేలీ నుంచి 2006 దాకా ఎగిరాయి.

నిజం మిగ్-31 కూడా వచ్చింది. 'ఫైర్ ఫాక్స్'లో చూపించిన దానికీ దీనికీ పోలికే లేదు. ఇందులో ఇద్దరు కూర్చుంటారు. మనసుతో పేల్చడాలూ లేవు. ఉన్నదల్లా దూరం చూడగల పెద్ద రాడార్, దూరం కొట్టగల క్షిపణులు.

2022లో వచ్చిన 'టాప్ గన్: మావరిక్'లోనూ శత్రువు పేరు చెప్పలేదు. కాకపోతే ఆ శత్రువు స్థావరంలో పాత ఎఫ్-14 ఒకటి కనిపిస్తుంది. అమెరికా కాక ఎఫ్-14 కొన్న దేశం ఇరాన్ ఒక్కటే. నోటితో చెప్పకుండా కంటితో చెప్పడమంటే ఇదే! దేశం పేరు చెబితే అక్కడ టిక్కెట్లు తెగవనే లెక్క కూడా నిర్మాతలకు ఉంటుంది మరి.

మన వరుణ్ తేజ్ 'ఆపరేషన్ వాలెంటైన్' 2024లో వచ్చింది. అది పేర్లు దాచలేదు. 2019 నాటి పుల్వామా, బాలాకోట్ సంగతులే తీసుకుంది. బాగుందా లేదా అన్నది మీ ఇష్టం. కానీ పేరున్న చోట ప్రేక్షకుడు నిజమెంత, కల్పనెంత అని అడగగలడు. పేరే లేని శత్రువు గురించి ఏమడుగుతాం? భయపడమంటే భయపడతాం, చప్పట్లు కొట్టమంటే కొడతాం. చప్పట్లు కొట్టండి, తప్పు లేదు. లైట్లు వెలిగాక మాత్రం, కాలిన ఆ విమానంలోనూ ఓ తల్లి బిడ్డ ఉంటాడని ఒక్క నిమిషం అనుకోండి.

అన్నట్టు, తెర మీద విమానం చూసి పైలట్ కావాలనుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఓ మాట. 2016 జూన్‌లో మన హైదరాబాద్ పక్కనే దుండిగల్‌లో ముగ్గురు అమ్మాయిలు దేశంలో మొట్టమొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా బయటికొచ్చారు. బరంపురంలో పుట్టిన కోట హరినారాయణగారు నాయకత్వం వహించిన తేలికపాటి యుద్ధ విమానం, మనం తేజస్ అంటున్నదే, 2001 జనవరి 4న బెంగుళూరులో మొదటిసారి ఎగిరింది. చౌడేపల్లెకి బెంగుళూరు ఎంత దూరమని! కలికిరిలో 2014 నుంచి సైనిక్ స్కూలు కూడా ఉంది. లెక్కలు, ఫిజిక్సు వదలకుండా ఇంటర్ పూర్తి చేసి ఎన్.డి.ఏ. పరీక్ష రాయండి. ఈ దారిలో నల్లరంగు మేకప్ పని చేయదు. చెమట ఒక్కటే పని చేస్తుంది!