బిట్టు వెనక కథ

ఇంటర్ బైపీసీ చదివే పిల్లలున్న ఇంట్లో పుస్తకాలకు కరవుండదు. పాఠ్యపుస్తకం, గైడు, నీట్ మెటీరియల్, వేలకొద్దీ బిట్లున్న క్వశ్చన్ బ్యాంకు... బల్ల నిండిపోతుంది. డీఎన్‌ఏ నిర్మాణాన్ని కనుగొన్నదెవరని అడిగితే 'వాట్సన్, క్రిక్, 1953' అని తడుముకోకుండా చెప్పేస్తారు. ఎలా కనుగొన్నారని అడిగితే మాత్రం మౌనమే. తప్పు పిల్లలది కాదు. బిట్టులో అంతకుమించి చోటు లేదు మరి!

ఆ చోటు ఉన్న పుస్తకాలు వేరే ఉన్నాయి. పరీక్షలో వాటి నుంచి ప్రశ్నలు రావు. కానీ ఆధునిక జీవశాస్త్రమంటే ఇష్టం పుట్టించేది అవే.

ప్రశ్న పుట్టిన చోటు

మొదట చదవదగ్గది వంద పేజీలు కూడా లేని చిన్న పుస్తకం... 'వాట్ ఈజ్ లైఫ్?'. రాసింది జీవశాస్త్రవేత్త కాదు, భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎర్విన్ ష్రోడింగర్. 1943లో డబ్లిన్‌లో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు మరుసటి ఏడాది పుస్తకంగా వచ్చాయి. తాత పోలిక మనవడి దాకా చెక్కుచెదరకుండా ఎలా వస్తోంది? ఆ సమాచారమంతా ఏదో ఒక అణువులో సంకేతలిపిలా రాసి ఉండాలన్నారాయన. ఆ అణువు ప్రొటీన్ అయ్యుంటుందనుకుని పొరబడ్డారు. అయితేనేం, అడిగిన ప్రశ్న సరైనదే. పక్షులంటే ప్రాణం పెట్టే విద్యార్థి జేమ్స్ వాట్సన్, యుద్ధంలో నౌకాదళం కోసం సముద్రపు మందుపాతరల మీద పనిచేసిన ఫ్రాన్సిస్ క్రిక్, అణుబాంబు ప్రాజెక్టు నుంచి వచ్చిన మారిస్ విల్కిన్స్... ఈ ముగ్గురూ అది చదివి ప్రభావితులైనవాళ్లే. 1962లో డీఎన్‌ఏ పరిశోధనకు నోబెల్ పంచుకున్నదీ ఆ ముగ్గురే.

కథ ఒకటే... పుస్తకాలు రెండు

ఆ విజయం ఎలా దక్కిందో వాట్సన్ స్వయంగా రాశారు. అదే 1968లో వచ్చిన 'ది డబుల్ హెలిక్స్'. డిటెక్టివ్ నవలలా చకచకా సాగిపోతుంది. అందులో 'రోజీ' అనే మహిళ కనిపిస్తుంది. ఎప్పుడూ చిరాకుగా, ఎవరితోనూ కలవనట్టుగా! ఆమె రోజలిండ్ ఫ్రాంక్లిన్. డీఎన్‌ఏ మెలికల నిచ్చెనలా ఉంటుందనడానికి బలమైన ఆనవాళ్లు చూపిన ఎక్స్‌రే చిత్రం, 'ఫొటో 51', ఆమె పరిశోధనలో భాగంగా 1952లో తీసిందే. దాన్ని ఆమెకు తెలియకుండానే విల్కిన్స్ వాట్సన్‌కు చూపించారు. పుస్తకం వచ్చేనాటికి ఫ్రాంక్లిన్ లేరు. 1958లో, 37 ఏళ్లకే, క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఇక జవాబు చెప్పేదెవరు?

ఆ పని ఇతరులు చేశారు. స్నేహితురాలు ఆన్ సేర్ 1975లో ఒక పుస్తకం రాశారు. 2002లో బ్రెండా మాడాక్స్ ఫ్రాంక్లిన్ జీవితచరిత్రను వెలువరించారు. అందులో కనిపించే ఫ్రాంక్లిన్ వేరు. కొలతల్లో పట్టుదల, కొండలెక్కడమంటే సరదా, స్నేహితులంటే ఇష్టం. వాట్సన్ పుస్తకం చదివినవాళ్లు దీన్నీ చదవాల్సిందే. ఎంత గొప్ప శాస్త్రవేత్త అయినా తన కథ తాను చెప్పుకుంటే ఒక వైపే కనిపిస్తుందని అప్పుడు అర్థమవుతుంది. ఏ గైడూ నేర్పని పాఠమిది.

తర్వాత ఏం చదవాలి?

రోజుకో అధ్యాయం చాలనుకుంటే మాట్ రిడ్లీ 'జీనోమ్' బాగుంటుంది. మనిషికి 23 జతల క్రోమోజోములు, పుస్తకంలో 23 అధ్యాయాలు! అయితే అది వచ్చింది 1999లో. మానవ జన్యుపటం పూర్తిగా చదవడం ముగిసింది 2022లో. అందుకే ఇలాంటి పుస్తకం కొనేటప్పుడు అచ్చయిన ఏడాది చూసుకోవాలి. ఇంకాస్త ఓపిక ఉంటే సిద్ధార్థ ముఖర్జీ 'ది జీన్' (2016) ఉంది. తమ కుటుంబంలో తరాలుగా వస్తున్న మానసిక రుగ్మతతో కథ మొదలుపెట్టి మెండెల్ నుంచి జన్యు సవరణ దాకా తీసుకెళ్తారాయన. ఇంగ్లిషు కష్టమనుకుంటే తెలుగులో వేమూరి వేంకటేశ్వరరావు, కొడవటిగంటి రోహిణీప్రసాద్ రాసిన విజ్ఞాన పుస్తకాలతో మొదలుపెట్టొచ్చు.

అన్నట్టు, ఆ పాఠ్యపుస్తకంలోనే ఏటీపీ అనే మూడక్షరాలు ఉంటాయి. కణానికి శక్తినిచ్చే ఆ పదార్థాన్ని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. బిట్టుగా చదివితే అది ఒక్క మార్కు. ఆ మూడక్షరాల వెనక మన ఊరి మనిషి ఉన్నాడని తెలిస్తే... పిల్లలు ఆ పేజీని మరోసారి తిరగేస్తారు. ఈసారి ఎవరూ చెప్పకుండానే!