బూజు పట్టిన విషం ఏ వాడకు?

నెల్లూరు తీరంలో ఏ ఫ్యాక్టరీ గురించి నోరు విప్పినా వచ్చే జవాబు ఒకటే: 'నీళ్లు శుద్ధి చేసే వదుల్తాం, టెక్నాలజీ ఉంది.' ఆ టెక్నాలజీల్లో ఇప్పుడు బూజు పేరు కూడా వినపడతా ఉంది. సైన్సు మీద మాకు పగ లేదు. కానీ అది ఏం చేస్తాదో, ఏం చెయ్యదో మన వాడల్లో అందరికీ తెలవాల.

ఉల్లిగడ్డ మీద నల్లగా పట్టే బూజు ఉంది చూడండి, దాని పేరు ఆస్పర్‌జిల్లస్ నైగర్. నిమ్మ ఉప్పు ఫ్యాక్టరీల్లో దీన్నే పెంచుతారు. పనయ్యాక మిగిలే బూజు వాళ్లకు చెత్త. ఆ చెత్తకే ఒక గుణముంది. దాని కణాల గోడలో రొయ్య పెంకులో ఉండే కైటినే ఉంటాది. మురుగునీళ్లలోని సీసం, కాడ్మియం, రాగి, క్రోమియం ఆ గోడకు అతుక్కుంటాయి. బూజు బతికుండక్కర్లేదు, ఎండబెట్టి పొడి చేసినా పట్టుకుంటాది. క్యాన్సర్ తెచ్చే హెక్సావలెంట్ క్రోమియాన్ని తక్కువ ప్రమాదమున్న ట్రైవలెంట్‌గా మారుస్తాది కూడా. ల్యాబుల్లో ఇది రుజువైన సంగతి. పెద్ద ఫ్యాక్టరీల్లో మాత్రం ఇంకా నిలదొక్కుకోలేదు.

అసలు మెలిక ఇక్కడుంది. లోహం కుళ్లదు, చావదు. నీళ్లలోంచి బూజులోకి చేరతాది, అంతే. బూజును కాలిస్తే బూడిదలో మిగుల్తాది, యాసిడ్‌తో కడిగితే ఆ యాసిడ్‌లోకి దిగుతాది. ఆ మూటను మోసేదెవరు? పారబోసేది ఎక్కడ?

మన అనుభవం చెబుతా ఉంది. మాదిగలు లందల్లో తంగేడు చెక్కతో, కరక్కాయతో వారాల తరబడి తోళ్లు పదును చేస్తే ఊరు వాళ్లను అంటరానివాళ్లంది. క్రోమియం ఉప్పుతో అదే పని ఒకటి రెండు రోజుల్లో తేలేసరికి తోలు మంచి వ్యాపారమైంది! లాభం పెద్దలకు, కంపు వాడకు. వేసిన క్రోమియంలో సుమారు మూడో వంతు తోలుకు పట్టకుండా నీళ్లలో పోతాది. పాలారు ఒడ్డున తోళ్ల ఫ్యాక్టరీలు చేసిన నాశనం చూసే 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు, చెరిచినవాడే ఖర్చు భరించాలని తీర్పిచ్చింది. మన కోట మండలం కొత్తపట్నం దగ్గర కూడా తోళ్ల సముదాయం తలపెట్టినవాళ్లు ఈ తీర్పు మరవకూడదు.

ఇక నేలటూరు థర్మల్ స్టేషన్. రాష్ట్రానికి తొలి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరు దానికి పెట్టారు. సంతోషం. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, పాదరసం, సీసం ఉంటాయి. ఆ బూడిద నీళ్ల లెక్క ఆయన జనానికి చెప్పడం పేరు పెట్టడం కంటే పెద్ద గౌరవం. కాలవల్లో పీతలు పట్టి బతికే యానాదులకు ఇది కూటి లెక్క. పీతల్లో, ఆలిచిప్పల్లో లోహాలు పేరుకుంటాయి.

మేం అడిగేది ఇదీ:

1. ఏ ఫ్యాక్టరీ నీళ్లలో ఏ లోహం ఎంతుందో నెలనెలా తెలుగులో రాసి వాడల్లో, యానాది కాలనీల్లో అంటించాల.

2. లోహం పట్టిన బూజును ఫ్యాక్టరీ తన ఖర్చుతో, ప్రమాదకర వ్యర్థాలకు అనుమతున్న చోటికే పంపాల. వాడ పక్క పోరంబోకులోకి కాదు.

3. దాన్ని ఉత్త చేతుల్తో, కాంట్రాక్టు కూలికి మనవాళ్లచేత ఎత్తించకూడదు. ల్యాబులో పరీక్షలు చేసే ఉద్యోగాల్లోనూ మన పిల్లలుండాల.

బూజు తన పని తాను చేస్తాది. అది పట్టిన విషాన్ని మళ్లీ మన గుమ్మంలో పొయ్యకుండా చూసుకునే పని మనది. వచ్చే గ్రామసభలో ఈ మూడూ అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.