సంఘమే ప్రయోగశాల



ప్రయోగశాల లేని సైన్సు చదువు ఎంత చప్పనో మనకి తెలుసు. మరి క్రైస్తవ వేదాంతం చదివేవారికి ప్రయోగశాల ఏది? సంఘమే. రోగి మంచం పక్కన, పెళ్ళిపందిట్లో, చావింటి అరుగుమీద ఆ చదువు నిగ్గు తేలుతుంది.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చాలాచోట్ల చిన్న సంఘం కానుకలతో పాస్టరుగారి ఇల్లు గడవదు. వారమంతా పొలమో, బడిపంతులు పనో, ఆదివారం ఆరాధన. ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1964లో రాజమండ్రిలో పుట్టి, 1973లో హైదరాబాదు చేరింది. పనినీ, సంఘాన్నీ, పిల్లల్నీ వదిలి ఏళ్ల తరబడి అంత దూరం ఎలా వెళ్తారు? రైతుబిడ్డగా చెబుతున్నాను, ఉభాల వేళ ఊరు విడిస్తే ఆ ఏడు గింజ లేదు.

ఈ చిక్కుకి 1963లో గ్వాటెమాలా దేశంలో ఒక దారి కనిపెట్టారు. విద్యార్థిని కాలేజీకి రమ్మనకుండా చదువునే అతని ఊరికి పంపారు. మనదేశంలో 1971లో బెంగుళూరు కేంద్రంగా టాఫ్టీ సంస్థ ఆ పద్ధతి చేపట్టింది. ఇంట్లో పాఠం, సంఘంలో ఆచరణ, గురువు దగ్గర తరచు కూడిక - ఈ మూడూ కలిస్తేనే ఆ చదువు. శ్రీరాంపూర్ సెనేట్ కూడా పనిచేస్తూ చదువుకొనేవారికి డిగ్రీ పెట్టింది.

దీన్ని దొడ్డిదారి చదువని నవ్వేవారున్నారు. నేనొప్పుకోను. కాని ఒక్కమాట. డిమాన్‌స్ట్రేటరు లేని ప్రయోగశాలలో సీసాలు పగులుతాయి. కూడిక ఎగ్గొట్టి, పుస్తకాలు పోస్టులో పంపి పరీక్ష పెడితే మిగిలేది కాగితమే. కనుక మన పట్టణాల్లోని పెద్ద సంఘాలు నెలకోసారైనా గురువుని రప్పించాలి. తెలుగు పుస్తకాలతో ఒక గది తెరిచి ఉంచాలి. పగలంతా కష్టపడి రాత్రి పుస్తకం విప్పే మనిషి అడిగేది అంతే.