ఈమెయిల్ దారికి తాళం ఎవరు వేయాలి?

ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో మెయిల్ ఖాతాను జతచేసుకునే వేళ సామాన్య వినియోగదారుకు ఒక చిన్న ప్రశ్న ఎదురవుతుంది: కనెక్షన్‌కు భద్రత కావాలా? ‘వద్దు’ అని ఎంచుకున్నా కొన్ని సర్వర్ల నుంచి ఉత్తరాలు వచ్చేస్తాయి. వచ్చాయి కదా అని ఆ సంగతి అంతటితో మరచిపోతారు. కానీ పాస్‌వర్డుతో సహా అన్నీ పోస్టుకార్డు మీది రాతలా ప్రయాణిస్తుంటాయి. పాస్‌వర్డు లేని వైఫైలో పొంచి ఉన్న నేర్పరి ఎవరైనా వాటిని చదవగలడు.

సర్వర్ నుంచి ఉత్తరాలు తెచ్చే పాప్, ఐమ్యాప్ పద్ధతులు 1980లలో పుట్టాయి. ఆనాటి పరిమిత నెట్‌వర్కుల్లో రహస్యం గురించిన చింత తక్కువ. 1999లో ‘స్టార్ట్ టీఎల్ఎస్’ ప్రమాణం వచ్చింది. సంభాషణ బహిరంగంగా మొదలై, ఆపై ఎన్‌క్రిప్షన్‌లోకి మారుతుంది. మధ్యలో ఎవరైనా ఆ సంకేతాన్ని తొలగిస్తే, ‘వీలైతేనే భద్రత’ అన్న ఎంపికతో నడిచే ప్రోగ్రాం చప్పుడు చేయకుండా బహిరంగ మార్గంలోనే సాగిపోతుంది. అందుకే 2018 జనవరిలో ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్ ఫోర్స్ మొదటి అడుగు నుంచే ఎన్‌క్రిప్షన్ ఉండే మార్గాన్ని సిఫార్సు చేసింది. ఐమ్యాప్‌కు 993, పాప్‌కు 995 పోర్టులు ఆ మార్గానివే.

పెద్ద కంపెనీల మెయిల్ వాడేవారికి ఈ బెడద దాదాపు లేదు. చిక్కంతా సొంత డొమైన్ పేరుతో, చవక హోస్టింగ్‌పై నడిచే చిన్న సంస్థలది. సర్వర్ సర్టిఫికెట్ హోస్టింగ్ కంపెనీ పేరిట, సెట్టింగుల్లో సర్వర్ పేరు సంస్థ పేరిట ఉంటే అవి కలవక హెచ్చరిక వస్తుంది. పని ఆగకూడదని గుమస్తా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కుతాడు. నిజంగా మోసగాడు అడ్డుపడిన రోజునా వచ్చేది అలాంటి హెచ్చరికే. అలవాటుపడ్డ వేలు మళ్లీ అక్కడే నొక్కుతుంది. సర్టిఫికెట్‌లో ఉన్న సర్వర్ పేరునే సెట్టింగుల్లో రాస్తే ఈ గొడవ తీరుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 నుంచి సర్టిఫికెట్లను ఉచితంగానే ఇస్తోంది కనుక ఖర్చు అన్న సాకు కూడా నిలవదు.

భారాన్ని వినియోగదారుపై మోపడం మన విధానకర్తలకూ కొత్త కాదు. ఎన్‌క్రిప్షన్‌తో పంపిన సందేశాల మామూలు ప్రతులను పౌరులే 90 రోజులు దాచుకోవాలన్న ముసాయిదాను 2015 సెప్టెంబరులో కేంద్రం ప్రకటించి, విమర్శలు చెలరేగడంతో వెనక్కి తీసుకుంది.

ఈ తాళం దారికే తప్ప పెట్టెకు కాదన్నదీ గమనించాలి. సర్వర్‌లో నిల్వ ఉన్న ఉత్తరం సాధారణంగా నిర్వాహకుడికి అందుబాటులోనే ఉంటుంది. అయినా దారి కాపాడే పని ఆ నిర్వాహకుడి చేతిలోనే ఉంది. 143, 110 అనే పాత పోర్టులను మూసివేస్తే పొరపాటున బహిరంగ మార్గం ఎంచుకునే అవకాశమే ఉండదు. పాత ఫోన్లు పనిచేయవేమోనన్న సంకోచం ఒకటే దానికి అడ్డు.