రెండు స్లైడ్ల మధ్య మాయమైన ఏడాది

మొన్న మా ఆఫీసులో ఒక స్ఫూర్తి ప్రవచనం జరిగింది. ఈసారి హీరో బేర్ గ్రిల్స్. మొదటి స్లైడు: 1996, జాంబియా, పారాచూట్ ప్రమాదం, వెన్ను విరిగింది. రెండో స్లైడు: 1998 మే, ఎవరెస్టు శిఖరం. "చూశారా, మనసుంటే మార్గముంటుంది!" అందరూ చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేదు. రెండేళ్ళ క్రితం బైకు మీంచి పడి వెన్నుపూస చిట్లితే, డాక్టరు మూడు నెలలు రెస్టన్నాడు. నాలుగో వారానికే నన్ను రిలీజు పనికి కూర్చోబెట్టింది ఇలాంటి కబుర్లే. ఇప్పటికీ గంటకు మించి కుర్చీలో కూర్చోలేను.

ఇంతకీ ఆ రెండు స్లైడ్ల మధ్య ఏముంది? మూడు వెన్నుపూసలు దెబ్బతిన్న కుర్రాడు ఇంగ్లండులోని హెడ్లీ కోర్ట్ అనే సైనిక పునరావాస కేంద్రంలో నెలల తరబడి గడిపాడు. పడుకోవడం, లేవడం, నడవడం మళ్ళీ నేర్చుకున్నాడు. సుమారు ఏడాది పట్టింది. ఆ ఏడాదికి స్లైడు లేదు. ఎందుకంటే అది చూపిస్తే మనమూ సెలవు అడుగుతాం కదా!

బతకడం కూడా పట్టుదల వల్లేనట. 2006లో న్యూజీలాండులోని టౌపో దగ్గర మైకేల్ హోమ్స్ అనే అనుభవజ్ఞుడు దూకితే మెయిన్ పారాచూట్ చిక్కుపడింది, రిజర్వూ సరిగ్గా తెరుచుకోలేదు. ముళ్ళపొదలో పడ్డాడు. ఊపిరితిత్తికి దెబ్బ, చీలమండ విరిగింది, ప్రాణం దక్కింది. పొద లేని చోట పడుంటే ఏ పట్టుదల కాపాడేది?

"అయితే పట్టుదల అక్కర్లేదా?" అంటారా? కావాలి బాబూ. రోజూ విసుగు లేకుండా ఫిజియోథెరపీ చెయ్యడానికి కావాలి. డాక్టరు చీటీని చించడానికి కాదు.

ఆ కథలో మనలాంటి వాళ్ళకి అసలు పాఠం వేరే ఉంది. మెయిన్ పారాచూట్‌ని వదిలించుకుని రిజర్వు తెరవాల్సిందనీ, సరిచెయ్యడానికి ఇంకా టైముందనుకున్నాననీ గ్రిల్సే తర్వాత చెప్పాడు. అర్ధరాత్రి చెడిపోయిన రిలీజుని రోల్‌బ్యాక్ చెయ్యకుండా "ఇంకో పది నిమిషాలు" అన్న ప్రతివాడికీ ఇది తెలిసిన పొరపాటే.

నేను నా నడుం విషయంలో అదే చేశాను. మీరు చెయ్యకండి. సెలవు పెట్టండి. ఎవరెస్టు ఎక్కడికీ పోదు.