భద్రాచలం వరద, బస్తర్ మట్టి

భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఈ అంకెలు తెలుగువారికి కంఠస్థం. ఆ నీటితోపాటు బస్తర్ కొండల నుంచి ఎంత మట్టి దిగివస్తున్నదన్న లెక్క మాత్రం ఏ హెచ్చరికలోనూ ఉండదు. రాజధానిలో దానిని అడిగేవారూ అరుదు.

ఒడిశాలోని కలహండిలో పుట్టిన ఇంద్రావతి జగదల్‌పూర్ మీదుగా సాగి, చిత్రకోట్ వద్ద జలపాతమై దూకి, 500 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి భద్రకాళి వద్ద గోదావరిలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం దాదాపు 40 వేల చదరపు కిలోమీటర్లు. మరో ఉపనది శబరి కూనవరం వద్ద కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీరు ముందుకు పోలేక వెనుకకు ఎగదన్నుతుంది. అప్పుడు సుక్మా జిల్లాలోని కుంట, మన చింతూరు ముంపు పాలవుతాయి.

నేలకోతను అంచనా వేయడానికి శాస్త్రజ్ఞులు ఐదు అంశాలు చూస్తారు: వాన ఉద్ధృతి, నేల స్వభావం, వాలు, నేలపై పచ్చని కప్పు, కోతను ఆపే గట్ల వంటి ఏర్పాట్లు. మొదటి మూడూ ప్రధానంగా ప్రకృతి నిర్ణయాలు. చివరి రెండూ మన చేతిలోనివి. అడవి పలచబడిన వాలుపై చినుకు నేరుగా నేలను కొడుతుంది. నీరు ఇంకదు, వాగు త్వరగా పొంగుతుంది. కొట్టుకువచ్చిన మట్టి దిగువన మేట వేస్తుంది. కనుక నేలకోత, వరద ఒకే ఖాతాలోని రెండు పద్దులు. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు భద్రాచలం వద్ద లేచిన గోదావరిని అడవి ఒక్కటే ఆపగలిగేదని నేననను. కాని ఏటేటా వచ్చే చిన్న వరదలను పెంచేదీ తగ్గించేదీ చాలావరకు ఎగువ నేలే.

నిందను ఆదివాసీల పోడుపై నెట్టడం సులభం. 1968లో తవ్వకం మొదలైన బైలడిల్లా గనుల ఇనుప రజనుతో శంకిని నది ఎర్రబారిన సంగతినీ అదే నోటితో చెప్పాలి. ఆ ఖనిజం రైలులో విశాఖకు చేరుతున్నది. లాభంలో మనకు వాటా ఉన్నప్పుడు బాధ్యతలోనూ ఉండాలి.

మరి బాధ్యత ఎవరిది? అంతర్రాష్ట్ర నదులకై 1956లోనే పార్లమెంటు నదీ బోర్డుల చట్టం చేసింది. భూక్షయ నివారణ, వరద నియంత్రణ రెండూ అందులో ఉన్నాయి. రాష్ట్రాలు కోరినా, కోరకున్నా కేంద్రం బోర్డు నియమించవచ్చు. ఆ చట్టం కింద ఒక్క బోర్డూ ఏర్పడలేదు. 2014 పునర్విభజన చట్టంతో వచ్చిన గోదావరి నదీ యాజమాన్య బోర్డు పరిధి రెండు తెలుగు రాష్ట్రాలకే. బస్తర్ దానికి పరాయి గడ్డ.

పోలవరం వద్ద 1980 నాటి బచావత్ తీర్పు 36 లక్షల క్యూసెక్కులకు నిర్దేశించిన స్పిల్‌వేను 2006లో కేంద్ర జలసంఘం 50 లక్షలకు పెంచింది. ముంపు భయంతో ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1979లో శంకుస్థాపన జరిగిన ఇంద్రావతిపై బోధ్‌ఘాట్ ప్రాజెక్టు మళ్లీ చర్చకు వచ్చింది. వాదమంతా నీటి ఎత్తుపైనే. కట్టబోయే జలాశయం పూడికతో ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పేది మట్టి లెక్క.

ప్రెస్ గ్యాలరీ నుంచి నేను గమనించినంతలో, మన సభ్యులు వరద సహాయం అడిగినంత గట్టిగా ఈ లెక్క అడగరు. సహాయం మునిగిన తరువాత వస్తుంది. లెక్క మునగకముందే కావాలి. నాలుగు రాష్ట్రాలూ కలిసి కూర్చునే బోర్డు ఒకటి లేనిదే దానిని తీసేవారుండరు.