పళ్ళెం మీద బొమ్మ, బట్ట మీద పేరు

తెల్లటి పళ్ళెం మీద నీలిరంగులో ఏనుగులు, గుమ్మటాలు, నది ఒడ్డున మెట్లు... పాత ఇంగ్లీషు పళ్ళాల మీద ఇలాంటివి చూసి "అబ్బ, రెండొందల ఏళ్ళనాటి మన దేశం!" అని మురిసిపోయేవాళ్ళున్నారు. నేనైతే మురిసిపోను. అది మన దేశం కాదండీ, కాపీ-పేస్టు.

ఎలాగంటారా? మన దేశంలో వేట గురించి కెప్టెన్ విలియమ్సన్ రాసిన పుస్తకం 1807లో వచ్చింది. అందులో 40 బొమ్మలు. స్పోడ్ కంపెనీ 1810 ప్రాంతాల్లో వాటిని రాగిరేకుల మీద చెక్కించి, రంగు పూసి, పల్చటి కాగితం మీదకి అచ్చు తీసి, ఒకసారి కాల్చిన మట్టిపళ్ళాలకి అంటించింది. కాగితం కడిగేసి, పైన మెరుగు పూసి మళ్ళీ కాల్చితే బొమ్మ ఇక చెరగదు. ఎలుగుబంటి చావు చూస్తూ అక్కడ భోజనాలు! థామస్, విలియం డేనియల్ గీసిన మన కట్టడాలకీ ఇదే గతి. ఒక బొమ్మలో గుడి, ఇంకోదాంట్లో చెట్టు తెచ్చి అతికించడం మామూలే. బ్రిటన్లో 1842 చట్టం వచ్చాక గానీ ఈ ఎత్తుబడి తగ్గలేదు.

మరి మన గోదారి జిల్లాల నుంచి కాపీ అయిందేమిటి? బొమ్మ కాదు, బట్ట. నరసాపురం దగ్గర మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీ బట్టలు కొనేది. ఆ ఊరి పేరే "మడపొల్లం" అనే నూలుబట్టకి స్థిరపడింది. తర్వాత అదే పేరుతో ఇంగ్లండు మిల్లులు నేసి అమ్ముకున్నాయి. ఊరి పేరు ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కింది. నేసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

అలాగని ఒకళ్ళని చూసి ఒకళ్ళు నేర్చుకోవడమే తప్పనను. నరసాపురం లేసు అల్లిక కూడా 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర మనవాళ్ళు నేర్చుకున్నదే. ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ మరియా మీస్ 1982లో అచ్చయిన తన పుస్తకంలో చెప్పిందేమిటి? రోజంతా అల్లే ఆడవాళ్ళని కూలీలుగా కాక, తీరిక వేళ ఏదో అల్లుకునే ఇల్లాళ్ళుగా లెక్కగట్టారని. కష్టం వాళ్ళది, లాభం వ్యాపారులది.

ఊరి పేరు మిగిలి మనిషి మాయమవడం మాధవాయిపాలెంలో ఒకసారి చూశాం. ఇప్పుడు లేసుకి అంటించే చీటీ మీద ఊరి పేరొక్కటే సరిపోదు. అల్లినావిడ పేరూ ఉండాలి, న్యాయమైన కూలీ ఆవిడ చేతికే అందాలి. లేదంటే ఈ గుర్తింపు కూడా గోడకి తగిలించుకునే నీలిబొమ్మ పళ్ళెమే!